పళ్ళెము ముందర వివేకము

మనము ఏమి తినవలెనను ప్రశ్న వైద్యునికే గాక మనస్సాక్షికి కూడ చెందినది. ఏలయనగా మనము వడ్డించుకొను ప్రతి ముద్ద వెనుక ఒక ఇంటి సంపాదనయు, పక్కన కూర్చున్నవారి ఆకలియు నున్నవి.

గుజరాతులో సూరత్ సమీపమున, పల్సాణా తాలూకాలోని జోల్వా వంటి ఊళ్ళు బట్టల మిల్లులకు నిలయములు. మరమగ్గముల పనికై తెలంగాణ నుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు సూరత్ ప్రాంతమున తరతరములుగా నివసించుచున్నవి. పన్నెండు గంటలు మగ్గమునొద్ద నిలువబడు కార్మికునికి నేడు చేతిలోని ఫోను అనేక పథ్యములను బోధించుచున్నది. అన్నము మాని కొవ్వు తినుమని ఒకరు, ఎనిమిది గంటలలోనే దినభోజనమంతయు ముగించుమని ఒకరు, చిరుధాన్యములే సకలరోగ నివారిణియని మరియొకరు. అతడు ఎవరిని నమ్మవలెను?

ప్రతి పద్ధతిలోను కొంత సత్యము కలదు. పిండి పదార్థములు తగ్గించినచో కొందరికి రక్తములో చక్కెర తగ్గును. చిరుధాన్యములలో పాలిషు పట్టిన బియ్యము కంటె పీచు అధికము. అయితే మధుమేహమునకు ఇన్సులిన్ వాడువాడు వైద్యుని అడుగక ఉపవాసముండిన చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. ఒకనికి మేలైనది వేరొకనికి అపాయము కావచ్చును.

1918లో కూనూరులో ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది జాతీయ పోషకాహార సంస్థ. దాని 2024 నాటి సూచనలలో అద్భుతమేదియు లేదు. ధాన్యముల నుండి లభించు శక్తి 45 శాతమునకు మించరాదు. ఉప్పు దినమునకు 5 గ్రాములు దాటరాదు. పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలు, పాలు భోజనములో చేరవలెను.

సూరత్‌వారు చలికాలమున లేత జొన్నకంకులను కాల్చి, ఆ గింజలను పోంక్ అని ప్రీతితో తిందురు. ఆ జొన్నలే తెలంగాణ పల్లెలలో పెద్దలకు దినదినము రొట్టెలైనవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చి పేదల ఆకలి తీర్చినది, అది మేలే. కాని కడుపు నిండుట వేరు, శరీరము పోషింపబడుట వేరు. కొన్ని పూటలు జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర మరల చేర్చుకొనుటకు ఖరీదైన పొట్లములు అవసరము లేదు.

కావున ఏ పద్ధతినైనను చేపట్టకమునుపు మూడు ప్రశ్నలు వేసికొందము. ఇది నా పనికి తగిన బలమును ఏండ్ల తరబడి ఇచ్చునా? నా ప్రత్యేకమైన వంట కొరకు బిడ్డల పాలు, ఇల్లాలి పప్పు తగ్గిపోవుచున్నవా? దీనివలన నేను పొరుగువానిని చిన్నచూపు చూచుచున్నానా?

శాకాహారులును మాంసాహారులును ఒకే వీధిలో కాపురముండు చోట ఈ మూడవ ప్రశ్న మిగుల ముఖ్యము. పూర్వము రోమా సంఘములోను ఇట్టి భేదముండెను. పౌలు తన పత్రిక 14వ అధ్యాయములో ఎవరి పళ్ళెమును మార్చబూనక, ఒకరినొకరు తృణీకరించుటను, తీర్పు తీర్చుటను ఖండించెను.

ప్రియ చదువరీ, నీ పళ్ళెమును నీవు కఠినముగా పరీక్షించుకొనుము. పొరుగువాని పళ్ళెము నెడల మృదువుగా నుండుము.