బందెలదొడ్డి కాపరి

కొండకర్ల ఆవ ఒడ్డున ఒక రైతుకు జోడెద్దులుండేవి. దాపటెద్దు మంచి నిదానం గలది. అదిలించే పని లేకుండా చాలు తప్పక నడిచేది. ఒక వానాకాలం అది గట్టు మీద కాలుజారి పడింది. తల తూము రాతికి కొట్టుకుంది. కాసేపటికి లేచి మేత మేసింది. గాయం మానింది. రైతు ఆ సంగతి మరిచిపోయాడు.

అప్పటినుంచి ఎద్దు తీరు మారింది. దున్నుతుంటే చాలు విడిచి ఎడమ గట్టెక్కేది. మేతకు వదిలితే పక్కవాళ్ల ఊడ్చిన మడిలో దిగేది. ఎడమవైపు నుంచి ఎవరైనా దగ్గరికొస్తే ఉలిక్కిపడి కొమ్ము విసిరేది. ఊరంతా దానికి పొగరెక్కిందన్నారు. మడి తొక్కినప్పుడల్లా బందెలదొడ్డికి తోలేవారు. రైతు జరిమానా కట్టి విడిపించి, దారిపొడుగునా కొట్టుకుంటూ తెచ్చేవాడు. అది మళ్లీ అదే మడిలో దిగేది. చివరికి కబేళాకు అమ్మేద్దామనుకున్నాడు.

ఆ ఏడు దొడ్డికి కొత్త కాపరి వచ్చాడు. లోపలికొచ్చే ప్రతి పశువునూ ముందు ఒళ్లంతా తడిమి చూడటం అతని అలవాటు. ఈ ఎద్దు కుడి కొమ్ము మొదట్లో ఎముక సొట్టపడి వేళ్లకు తగిలింది. ఎడమవైపు చెయ్యి ఆడించాడు. ఎద్దు కదల్లేదు. కుడివైపు ఆడిస్తే వెంటనే తల తిప్పింది.

కాపరి జరిమానా వసూలు చేశాడు. మడిగలవాడి నష్టం నిజమే కదా. కానీ రైతు చేత ఆ సొట్ట తడిమించి, ఎద్దును వలపటికి మార్చమన్నాడు. అప్పుడు జోడెద్దు దాని ఎడమవైపు కాపుగా నడుస్తుంది. దగ్గరికి వెళ్లేవాళ్లు కుడివైపు నుంచే వెళ్లాలన్నాడు. ఎద్దుకు ఎడమవైపు చూపు తిరిగి రాలేదు. ఆ కారు మాత్రం దొడ్డికి వెళ్లే పని పడలేదు.

ఆ ఎద్దులాగే, తలకు గట్టి దెబ్బ తగిలిన మనిషికీ గాయం మానినా కోపం మీద పట్టు తప్పవచ్చు, చెప్పినమాట గుర్తుండకపోవచ్చు. అలాంటివాళ్లు జైలుకొస్తే అదంతా పొగరు కింద జమవుతుంది. ఇంగ్లాండులోని డ్రేక్ హాల్ మహిళా జైలులో అడిగి చూస్తే దాదాపు మూడింట రెండు వంతుల మందిలో అలాంటి దెబ్బల ఆనవాళ్లు బయటపడ్డాయి, వాళ్లలో చాలామంది ఆ దెబ్బలు తిన్నది ఇంట్లోనే. మన దగ్గర జైలులో చేరే ప్రతివారికీ వైద్య పరీక్ష జరపాలని 2016 నమూనా జైలు నియమావళి చెబుతోంది కాబట్టి, విశాఖ అడవివరం కేంద్ర కారాగారంలోనూ ఆ పరీక్షప్పుడే, ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలి స్పృహ తప్పిందా అని ప్రతి ఒక్కరినీ అడగాలి, అవునన్నవారిని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) నరాల వైద్యులకు చూపించాలి.