ఆయుధానికి అర్హత

ప్రాణం కాపాడుకునే హక్కు ఉన్నవాడికి తుపాకీ ఉంచుకునే హక్కు కూడా ఉన్నట్టేనా? తుపాకీ చట్టాల మీద వాదన ఎక్కడ మొదలైనా చివరికి ఈ ధర్మసందేహం దగ్గరికే వస్తుంది. ఇంట్లో ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కేనని అమెరికా సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో తీర్పు చెప్పింది. మన చట్టం ఆ రెంటినీ విడదీసింది. దాడి చేసినవాణ్ణి ఎదిరించే హక్కు భారతీయ న్యాయ సంహిత ప్రకారం అందరిదీ. తుపాకీకి మాత్రం 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. ధర్మం దృష్టితో చూసినా ఇదే సబబు. ఆత్మరక్షణ పుట్టుకతో వచ్చే హక్కు, ఆయుధం అర్హతను బట్టి దక్కాల్సినది.

భారతంలోని సౌప్తిక పర్వం ఈ సంగతే చెబుతుంది. బ్రహ్మశిరోస్త్రాన్ని అర్జునుడికి ఇష్టంగా ఇచ్చిన ద్రోణుడు, కొడుకు అశ్వత్థామకు మాత్రం మనసొప్పకుండానే ఇచ్చాడు. ఎంత ఆపద వచ్చినా మనుషుల మీద వేయవద్దని హెచ్చరించాడు కూడా. ఆ అశ్వత్థామే ద్వారకకు వెళ్లి, ఈ అస్త్రం తీసుకుని నీ చక్రం ఇవ్వమని కృష్ణుణ్ణి అడిగాడు. తీసుకోమంటే ఎడమచేత్తో ఎత్తబోయాడు, కుడిచేత్తోనూ ఎత్తబోయాడు, చక్రం కదల్లేదు. ఎవరితో పోరాడటానికి అడిగావంటే, నీతోనే అన్నాడు. యుద్ధం చివర అశ్వత్థామ, అర్జునుడు ఇద్దరూ ఆ అస్త్రాలు వేశాక, వ్యాస నారదులు అడ్డు నిలిస్తే అర్జునుడు తనది ఉపసంహరించాడు. అశ్వత్థామకు అది చేతకాక పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్లించాడు. గురువు ఒకడే, విద్య ఒకటే, తేడా అంతా నిగ్రహంలోనే. తూటాకైతే ఉపసంహారమే లేదు. అందుకే ఆ నిగ్రహాన్ని తుపాకీ చేతికి ఇవ్వకముందే పరీక్షించాలి. మతిస్థిమితం లేనివారికి లైసెన్సు నిరాకరించడం, 2016 ఆయుధాల నియమాలు శిక్షణను తప్పనిసరి చేయడం ఇందుకే.

దుర్మార్గుడు లైసెన్సు అడుగుతాడా, చట్టం మంచివాళ్ల చేతులే కట్టేస్తుంది కదా అంటారు. అశ్వత్థామ దొంగ కాడు, గురుపుత్రుడు, మహావీరుడు. తండ్రి చావు రగిలించిన కోపం ఒక్క రాత్రిలో అతణ్ణి నిద్రపోతున్నవాళ్లను చంపేవాడిగా మార్చింది. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. అంటే చట్టం కనిపెట్టి ఉండాల్సింది దొంగను ఒక్కణ్ణే కాదు, మంచివాడి చెడ్డ ఘడియను కూడా. ఇక రెండో అభ్యంతరం బరువైనది. ప్రజలను నిరాయుధులను చేయడం పాలకుల పన్నాగమని, 1878 నాటి బ్రిటిష్ ఆయుధాల చట్టాన్ని గాంధీజీ సైతం 1918లో తీవ్రంగా దుయ్యబట్టారని గుర్తుచేస్తారు. నిజమే. కానీ ఆ చట్టం యూరోపియన్లకు మినహాయింపు ఇచ్చి భారతీయులకు సంకెళ్లు వేసింది. అది చూసింది పుట్టుకను, అర్హతను కాదు. ఇవాళ హోదా చూసో పలుకుబడి చూసో లైసెన్సు ఇస్తే అదీ ఆ పాపమే. దానికి మందు పరీక్షను అందరికీ సమానం చేయడమే కానీ, ఎత్తేయడం కాదు.

కొడుకు స్వభావం తెలిసి కూడా ప్రేమకొద్దీ అస్త్రం ఇచ్చిన ద్రోణుడికీ అశ్వత్థామ పాపంలో వాటా ఉంది. లైసెన్సు మీద సంతకం పెట్టే అధికారీ, తుపాకీ ఉన్న బీరువా తాళం పిల్లలకు అందేలా వదిలేసే తండ్రీ ఈ మాట మరువకూడదు.