గురువు సంశయము

గురువునకు సంశయము కలిగినపుడు దానిని శిష్యునకు దెలుపవలెనా, దాచవలెనా? శిష్యుని విశ్వాసము చెడునను భయముచే దాచుటయే దయయని పలువురందురు. ఆంగ్లికను సంఘచరిత్రమందలి యొక యుదంతము నాధారముగా గొని యీ ప్రశ్నను విచారింతము.

గణితవేత్తయగు జాన్ విలియమ్ కొలెన్సో 1853లో దక్షిణాఫ్రికాయందలి నేటాలునకు బిషప్పయ్యెను. బైబిలును జూలూభాషలోనికి దెచ్చుచుండగా, ఆయనకు దోడ్పడుచున్న విలియమ్ ఎన్‌గిడి యను జూలూ పురుషుడు నోవహు జలప్రళయకథను గూర్చి, ఇదియెల్ల నిజముగా జరిగినదా యని యడిగెను. అవునని చెప్పుటకు కొలెన్సోకు మనసొప్పలేదు. పిదప నాయన మోషే పంచకాండములను లెక్కలతో బరీక్షించెను. ఐగుప్తును విడిచినవారిలో పురుషులే సుమారు 6 లక్షలని నిర్గమకాండము చెప్పుచున్నది. సమాజమంతయు ప్రత్యక్షపు గుడారము నెదుట గూడెనని లేవీయకాండము చెప్పుచున్నది. ఆ యావరణమో 100 మూరల పొడవు, 50 మూరల వెడల్పు మాత్రమే. అంతమంది యందెట్లు పట్టుదురు? ఇట్టి ప్రశ్నలతో 1862లో గ్రంథము ప్రకటింపగా, 1863లో కేప్‌టౌను బిషప్పు రాబర్ట్ గ్రే యాయనను పదభ్రష్టుని జేసెను. ఆ తీర్పు చెల్లదని 1865లో ప్రీవీ కౌన్సిలు నిర్ణయించెను. 1867లో తొలి లాంబెత్ సభ కూడుటకు ఈ కలహమొక కారణమయ్యెను.

సంఘము తన సిద్ధాంతమును బోధింపుమని పీఠమిచ్చినపుడు, దానిని శంకించువాడు పీఠమును విడువవలదా? ఈ యాక్షేపణ తేలికయైనది కాదు. కొలెన్సో మిత్రుడగు ఫ్రెడరిక్ డెనిసన్ మారిస్ సైతము పదవిని వదలుటయే ధర్మమని తలంచెను. ఆ మారిసే నిత్యనరకమును గూర్చి సందేహము వెలిబుచ్చినందుకు 1853లో లండనునందలి కింగ్స్ కళాశాలనుండి తొలగింపబడినవాడు! న్యాయస్థానము హక్కును దేల్చగలదు గాని మనస్సాక్షిని దేల్చజాలదు. మాకు దోచునది యిది: సంశయమును దాచి పీఠము నిలుపుకొనువాడు శిష్యులను మోసగించును, బహిరంగముగా జెప్పి నిందను భరించువాడు మోసగింపడు.

చరిత్రకారుడగు జెఫ్ గై 1983లో ప్రకటించిన కొలెన్సో జీవితచరిత్రమున, ఈ మతవివాదమును, ఆఫ్రికనుల పక్షమున నాయన చేసిన పోరాటమును కలిపి విచారించెను. 1873లో తిరుగుబాటుదారుడని పట్టుబడిన హ్లూబీ నాయకుడు లంగలిబలేలేకు న్యాయము జరుగలేదని కొలెన్సో వాదించెను. 1879 నాటి జూలూ యుద్ధమును ఖండించెను. ఈ రెండును వేరువేరు గుణములు కావని మా యభిప్రాయము. ప్రశ్నించినవాడు సత్యమును వినదగినవాడని యెంచినవాడే, అతడు న్యాయమును బొందదగినవాడనియు నెంచెను.

వినువాడు దుర్బలుడని తలంచి సత్యమును దాచుట దయవలె గనబడును; కాని యది యతనిని దక్కువగా నెంచుటయే. మన యిండ్లలో బిడ్డలు ఇది నిజమేనా యని యడిగినపుడు, మనకు దెలిసినంత చెప్పి, తెలియనిది తెలియదనుటయే వారికి మనము చేయదగిన గౌరవము.