నాటి వీరులు, నేటి తూనికరాళ్ళు

పోల్చి చూచుట మానవునకు పుట్టుకతో వచ్చిన గుణము. వర్తకునకు అది మరికొంత యెక్కువ. సరుకును సరుకుతోను, ధరను ధరతోను, ఈ యేటి ఆదాయమును నిరుటి ఆదాయముతోను పోల్చనిదే అంగడి నడువదు. అయితే సరుకును పోల్చునపుడు చూపెడి జాగ్రత్తను మనుష్యులను పోల్చునపుడు చూపుచున్నామా యనునది విచారింపదగిన విషయము.

హోసూరు బజారు వీధిలోని ఒక కిరాణా అంగడిలో, సాయంకాలము బేరములు పలుచబడిన పిమ్మట, తరచుగా ఒక వాదము లేచును. అంగడి యజమాని డెబ్బది యేండ్ల పెద్దమనిషి. మనుమడు ఉన్నత పాఠశాలలో చదువుచు బాస్కెట్‌బాల్ ఆడుచున్నాడు. పిల్లవాడు అమెరికా ఆటగాండ్ర పేర్లు వల్లించును; తాత క్రికెట్టు వీరుల పేర్లు వల్లించును. ఇరువురికిని కుదిరిన సంగతి ఒక్కటే: అందరిలో గొప్పవాడెవడో తేలవలెను.

"మా కాలంలో సి.కె. నాయుడని ఉండె. అట్లాంటోడు మళ్ళీ పుట్టలేదప్పా" అని తాత.

"ఆయన యావరేజి ఇరవై అయిదే కదా తాతా! లక్ష్మణ్‌ది నలభై ఆరు" అని మనుమడు.

తాత ఊరకుండును. అంకెకు బదులు చెప్పలేకపోవుట వర్తకునకు మహా కష్టము. నిజమునకు "మా కాలము" అనుటయు అంత సరికాదు. తాత పుట్టునప్పటికే నాయుడు టెస్టు పోటీలనుండి తప్పుకొని యిరువది యేండ్లు కావచ్చినది. నాయుడి ఆటను తాత చూడలేదు. ఆయన తండ్రి చెప్పగా విన్నాడు. ఆ తండ్రియు పత్రికలో చదివినవాడే గాని మైదానమునకు పోయినవాడు కాడు. మన పోలికలలో పెక్కింటికి పునాది ఇంతే.

కొఠారి కనకయ్య నాయుడు 1895 అక్టోబరు 31వ తేదీన నాగపురమున, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములో జన్మించెను. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఆంగ్ల జట్టుపై హిందూ జట్టు పక్షమున రెండు గంటలైన నిండకమునుపే 153 పరుగులు చేసెను. అందులో 11 సిక్సర్లు. మన దేశమునకు టెస్టు హోదా రావలెనను మాటకు ఆ యొక్క ఆట ఎంత బలమిచ్చినదో ఆనాటి వారు చెప్పుకొనెడివారు. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానమున భారతదేశము తన మొదటి టెస్టు ఆడినపుడు నాయకుడు ఆయనే. అప్పటికి ఆయనకు ముప్పదియారేండ్లు. మొదటి ఇన్నింగ్సులో జట్టు మొత్తము 189; నాయుడి 40 పరుగులే అందులో అత్యధికము. ఆ పర్యటనలో ప్రథమశ్రేణి పోటీలలో 1,600కు పైగా పరుగులు చేసెను. 32 సిక్సర్లు కొట్టెనని చెప్పుదురు. మరుసటి యేడు విజ్డెన్ సంచిక యెన్నుకొన్న ఐదుగురు ఆటగాండ్రలో ఆయన పేరు చేరినది. అన్నియు చేసి ఆయన ఆడిన టెస్టులు 7, పరుగులు 350, సగటు 25. చివరి టెస్టు 1936లో ఓవల్‌లో జరిగినది. అందు కడపటి ఇన్నింగ్సులో చేసిన 81 పరుగులే ఆయన అత్యధిక స్కోరు. ఆ యేడింటిలో భారతదేశము ఒక్కటియు గెలువలేదు.

వి.వి.ఎస్. లక్ష్మణ్ 1974 నవంబరు 1న హైదరాబాదున జన్మించెను. 134 టెస్టులు, 8,781 పరుగులు, సగటు 45.97. 2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్సులో ఆస్ట్రేలియాకు 274 పరుగులు వెనుకబడి, ఫాలో ఆన్ ఆడుచున్న జట్టును ఆయన 281 పరుగులతో నిలబెట్టెను. రాహుల్ ద్రావిడ్‌తో కలిసి 376 పరుగుల భాగస్వామ్యము. ఒక దినమంతయు వికెట్టు పడలేదు. అప్పటికి వరుసగా 16 టెస్టులు గెలిచియున్న ఆస్ట్రేలియా 171 పరుగుల తేడాతో ఓడిపోయెను. లక్ష్మణ్ తన నూరవ టెస్టును 2008 నవంబరులో ఆడినది నాయుడు పుట్టిన ఆ నాగపురముననే. అప్పటికి ఆయన వయస్సు ముప్పదినాలుగు. ఆ వయస్సునకు నాయుడు ఇంకను ఒక్క టెస్టైన ఆడియుండలేదు. ఏలనగా అప్పటికి మన దేశమునకు టెస్టే లేదు.

ఇరువది ఐదును నలుబదియారుతో పోల్చిన పిల్లవాని లెక్క తప్పు కాదు. తప్పెక్కడ నున్నదో తెలియుటకు పాత తూనికలను జ్ఞాపకము చేసికొనిన చాలును. పూర్వము మదరాసు మణుగనగా ఎనిమిది వీశెలు, అనగా 25 పౌనులు. బంగాళా మణుగనగా నలుబది సేర్లు, 82 పౌనులకు పైచిలుకు. మాట ఒక్కటే, బరువులో మూడింతలకు మించిన వ్యత్యాసము. మన మణుగని యెంచి ఉత్తరాదికి ఆర్డరు వ్రాసినవాడు బండి దిగిన మూటలను చూచి తల పట్టుకొనవలసినదే. రూపాయియు అంతే. 1957 ఏప్రిల్ 1న పదునారు అణాలు పోయి నూరు నయాపైసలు వచ్చినవి. కొన్నాళ్ళపాటు అంగళ్ళలో ప్రతివాడును రెండు లెక్కలు వేసికొనెను. పాత పద్దును కొత్త పద్దులో కలుపవలెనన్న మార్పు పట్టిక ఒకటి దగ్గర నుండవలెను. ఆటగాండ్రకు మాత్రము అట్టి పట్టిక లేకుండ కలిపివేయుచున్నారు.

నాయుడి కాలములో వర్షము వచ్చిన పిచ్ తడిసెడిది. తడిసి ఆరుచున్న పిచ్‌పై బంతి యెటు లేచునో చెప్పలేము. శిరస్త్రాణములు లేవు. ఇంగ్లండునకు ఓడపై పోవలెను. ఒక టెస్టునకు మరియొక టెస్టునకు నడుమ ఏండ్లు గడిచెడివి. చేయి ఒకనాడు సరిగా ఆడకపోయినచో దానిని సవరించుకొనుటకు రెండేండ్లు కాచుకొనవలసినదే. ఇవి తాత చెప్పవలసిన మాటలు, చెప్పలేకపోయెను. కాని మనుమని పక్షముననుకూడ మాటలు కలవు. లక్ష్మణ్ ఎదుర్కొనిన బౌలర్లు ఆయన ఆటను చలనచిత్రముగా పట్టి, పదేపదే చూచి, ఏ బంతికి ఏ కాలు ముందుకు పోవునో లెక్కగట్టి వచ్చినవారు. నాయుడికి ఆ పీడ లేదు. మెక్‌గ్రాత్, వార్న్ ఇరువురు ఒకే జట్టులో నుండి, అందును తాను ఫాలో ఆన్‌లో నుండి, రెండు దినములు నిలుచుట యేపాటిదో నాయుడే బ్రతికియున్న మొదట మెచ్చియుండును.

పిల్లవాని బాస్కెట్‌బాల్ సంగతియు చూతము. 1891లో అమెరికాలో నైస్మిత్ అను ఉపాధ్యాయుడు ఆ ఆటను కనిపెట్టినపుడు పీచ్ పండ్ల బుట్టలు రెండు ఎత్తున కట్టి, బంతి పడినప్పుడెల్ల ఎవరో ఎక్కి తీయవలసి వచ్చెనట. (కృష్ణగిరిలో పుట్టినచో మామిడి బుట్టలు కట్టియుండును, మనకు బుట్టల కరువు లేదు.) 1962 మార్చి 2న విల్ట్ చాంబర్లేన్ ఒక్క పోటీలో 100 పాయింట్లు చేసెను. ఆ సంవత్సరపు సగటు పోటీకి 50.4. నేటి వరకు ఎవ్వరును ఆ నూరును దాటలేదు. అయినను అందరిలో గొప్పవాడెవడని యడిగిన ఆయన పేరు చెప్పువారు కొద్దిమందియే. నాడు ఆ పోటీలలో తొమ్మిది జట్లే యుండెను, నేడు ముప్పది యున్నవి. ఆయనంతటి యెత్తరులు నాడు అరుదు అందురు. మరి బిల్ రస్సెల్ అదే కాలములో 13 సంవత్సరములలో 11 మారులు తన జట్టును విజేతగా నిలిపెను. ఆయన పాయింట్లు చాంబర్లేన్ పాయింట్ల ముందు చాల తక్కువ. జట్టు గెలుపు తూనిక యైనచో రస్సెల్, పాయింట్లు తూనిక యైనచో చాంబర్లేన్. ఇరువురును ఒకే కాలమువారైనను తీర్పు తూనికనుబట్టి మారిపోవుచున్నది. కరీమ్ అబ్దుల్ జబ్బార్ చేసిన 38,387 పాయింట్లను 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ దాటెను. దూరమునుండి వేసిన బంతికి మూడు పాయింట్లిచ్చు గీత ఆ పోటీలలో వచ్చినది 1979లో. కరీమ్ తన జీవితమంతయు ఆడి అట్టి బంతి ఒక్కటే వేసెను. లెబ్రాన్ రెండు వేలకు పైగా వేసెను. ఇద్దరి మొత్తములు ఒకే పుస్తకములో ఒకదాని క్రిందనొకటి వ్రాయబడియున్నవి. నాణెములు మాత్రము వేరు.

ఇంతవరకు వచ్చిన తరువాత కొందరు చేతులు దులుపుకొని, "ఎవరి కాలములో వారు గొప్ప, పోల్చరాదు" అందురు. వినుటకు మర్యాదగా నుండును గాని, ఇది విచారణ మానుకొనుటయే. పాత తూనికలు వేరైనవని ఏ వర్తకుడును పాత బాకీని కొట్టివేయడు; కష్టపడి మార్చుకొని వసూలు చేయును.

ఇచ్చట మన స్యాద్వాదమును గూర్చి యొక మాట చెప్పక తప్పదు. బయటివారు పలువురు, మనలో కొందరుకూడ, స్యాద్వాదమనగా "ఇది కావచ్చును, అది కావచ్చును" అని నసుగుట యనుకొందురు. "స్యాత్" అనుటకు "బహుశః" అని అర్థము కాదు. "ఒక అపేక్షచేత" అని అర్థము. ఏ అపేక్షచేత చెప్పుచున్నాడో తెలిపినవాడు ఆ మేరకు గట్టిగానే చెప్పవలెను. ద్రవ్యము, క్షేత్రము, కాలము, భావము అను నాలుగింటిని పెట్టి మాటాడుమని పెద్దలు చెప్పిరి. "నాయుడు లక్ష్మణ్ కంటె గొప్ప" అనునది సగము వాక్యము. "తనకంటె ముందు త్రోవ వేసినవాడు లేని కాలములో, దేశమునకు త్రోవ వేసిన విషయమున నాయుడు గొప్ప" అనునది నిండు వాక్యము. దానిని ఖండింపవలెనన్న ఋజువు తేవలెను. "అతి కఠినమైన ప్రత్యర్థి యెదుట, ఓటమి అంచున, ఎక్కువసేపు నిలిచిన విషయమున లక్ష్మణ్ గొప్ప" అనునదియు నిండు వాక్యమే. రెండును ఒకేసారి నిజము కావచ్చును. నసుగుడు ఎక్కడను లేదు.

కొందరు పెద్దలు మరియొక శాస్త్రవాక్యమును అడ్డము పెట్టుకొందురు: ఇది అవసర్పిణి, దినదినము క్షీణించునదే, కాబట్టి పాతవారే గొప్పవారు అని. శాస్త్రమును అంత చౌకగా వాడరాదు. పంచమ కాలము 21 వేల యేండ్లు. అంత నిడివిలో జరుగు క్షీణతను తాతకును మనుమనికిని నడుమ గల యేబది యేండ్లలో చూపబోవుట వేళాకోళము. ఇంకొకటి. ఋషభదేవుని యెత్తు 500 ధనుస్సులని, ఆయుర్దాయము 84 లక్షల పూర్వములని చెప్పబడినది. మహావీరస్వామి యెత్తు ఏడు మూరలు, ఆయుర్దాయము 72 సంవత్సరములు. ఈ అంకెలను భద్రముగా వ్రాసి పెట్టినవారే, కేవలజ్ఞానమున ఇరువురికిని వెంట్రుకవాసి భేదము లేదని చెప్పిరి. కాలమునుబట్టి మారునది ఏదో, మారనిది ఏదో వారు వేరుచేసి చూపిరి. ఆటలో ఆ వేరుచేయుట కష్టమే. అయినను మొదట చేయవలసిన పని అదియే.

ఇదంతయు ఆటల ముచ్చటయే అయినచో ఇంత వ్రాయనక్కరలేదు. కృష్ణగిరి పాతపేటలో ఒక చింతపండు మండీ కలదు. తండ్రి పోయి పదునెనిమిదేండ్లు, కొడుకు నడుపుచున్నాడు. పెండ్లికి పోయినను, పండుగకు పోయినను బంధువులు కొడుకుతో ననుమాట ఒక్కటే: "మీ నాయన కాలంలో ఉన్న పేరు ఇప్పుడు లేదు నాయనా." తండ్రి కొండపల్లెలకు బండి కట్టుకొనిపోయి, నోటిమాటపై వేలకొలది రూపాయల సరుకు తెచ్చెడివాడు. కొడుకునకు పన్ను లెక్కలు, శీతల గిడ్డంగి అద్దె, చేతిలోని ఫోనులో బెంగుళూరు ధర చూచుకొని వచ్చెడి రైతు. ఏండ్ల తరబడి ఆ మాట విని విని కొడుకు మండీ మూసి ఉద్యోగమునకు పోదమనుకొనెను. మూయుటకు ముందు బాకీలు చూడవలెనని తండ్రి ఖాతా పుస్తకములు దింపెను. వరుసగా రెండేండ్లు నష్టము. రానిబాకీల పట్టీ పదునొకండు పుటలు. ఒక యేడు భార్య గాజులు కుదువ పెట్టి కూలి యిచ్చినట్లు తండ్రి చేతివ్రాతతోనే యున్నది. ఆ సంగతి బంధువులలో నెవ్వరును ఎన్నడును చెప్పినవారు కారు. వారు తండ్రి మంచి యేటిని కొడుకు చెడ్డ యేటితో పోల్చుచు వచ్చిరి.

నాయుడి 153 జ్ఞాపకమున్నది. ఆయన సున్నలు ఎవరికి జ్ఞాపకము? గడిచిన కాలము తన నష్టపు పద్దులను తానే చింపివేసికొనును. నేటి కాలమునకు ఆ సదుపాయము లేదు. ప్రతి తప్పును అందరు చూచుచునే యుందురు. మరణించినవారిని నేటి అంకెలతో తగ్గించుట వారికి అన్యాయము, వారు వచ్చి బదులు చెప్పలేరు. బ్రతికియున్నవారిని నిన్నటి కీర్తితో తగ్గించుట అంతకంటె గట్టి అన్యాయమనవలెను. వారు చెప్పిన బదులును వినువారుండరు.

ఆ కొడుకు మండీ మూయలేదు. తండ్రి ఖాతాలను తన ఖాతాల ప్రక్కనే, గల్లాపెట్టె వెనుక బీరువాలో పెట్టెను. పెండ్లిండ్లకు పోవుచునే యున్నాడు.

హోసూరు అంగడిలో వాదము ఇంకను తీరలేదు. అయితే మొన్నటి యొక సాయంకాలము తాత కొత్త మాట యొకటి అడిగెను.

"ఆ నూరు కొట్టినాడంటివే, ఆ పొద్దు ఆయనకు ఎదురు నిలబడినోడి ఎత్తు ఎంతప్పా?"

పిల్లవాడు కొంచెము ఆలోచించి, "తెలీదు తాతా, చూసి చెప్తా" అని లోపలికి పోయెను. తాత తక్కెడ పళ్ళెము తుడిచి, మరియొక గిరాకీకి పప్పు తూచుచు కూర్చుండెను.