పురుగును చంపితే పాపమెంత?

ఒమాన్‌లోని బహ్లాకు పేరు తెచ్చింది మట్టికోట. 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆ కోట చుట్టూ ఫలజ్ కాలువల నీటితో బతికే ఖర్జూర తోటలున్నాయి. యాత్రికులు కోట చూసి వెళ్లిపోతారు. రైతు చూపు మాత్రం ఆకుల మీదే. ఆకు జిగటగా మెరిసిందంటే దుబాస్ పురుగు దిగినట్టే.

వరిని ముంచే సుడిదోమకు ఇది దూరపు చుట్టం. రసం పీల్చి తేనెబంక వదులుతుంది, ఆ బంక మీద మసి పడుతుంది. మామిడి పూతలో తేనెమంచు పురుగును చూసిన రైతుకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

దీని బతుకు ఎండ చేతిలో, ఖర్జూరం చేతిలో ఉంది. దాదాపుగా ఆ చెట్టే దాని లోకం. ఏడాదికి రెండే తరాలు. వసంతంలో పుట్టిన పురుగులు ఆకుల్లోకి గుచ్చి పెట్టిన గుడ్లు వేసవి మంటను నిద్రలోనే దాటి, ఎండ తగ్గుముఖం పట్టాక పగులుతాయి. ఆ రెండో తరం గుడ్లు చలికాలాన్ని అలాగే దాటుతాయి. వేళకు పుట్టి, తనకున్న ఒక్క చెట్టునే తినే ప్రాణిని ఏ నేరానికి చంపాలి?

బహ్లాలో ఈ ప్రశ్న కొత్తగా వినిపించదు. ఇస్లాంలోని ఇబాదీ శాఖకు చెందిన పదో శతాబ్దపు పండితుడు ఇబ్న్ బరకా ఈ ఊరివాడే. అలాంటి పండితులు ఆధారంగా తీసుకునే ఖురాన్, జంతువులూ పక్షులూ మనుషుల్లాంటి సమాజాలేనని అంటుంది. చీమ కుట్టిందని పుట్టనంతా కాల్పించిన ఒక ప్రవక్తను దేవుడు మందలించిన కథ హదీసుల్లో ఉంది. ఒక్క చీమ చేసినదానికి జాతినంతా కాల్చడమేమిటన్నదే ఆ మందలింపు.

మహాభారతం అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడు కౌశికుడికి చెప్పేదీ దీనికి దగ్గరే. నాగలి సాగితే ఎన్నో ప్రాణులు చస్తాయి, హింస లేని బతుకు లేదు, ప్రయత్నిస్తే తగ్గించుకోవచ్చు. మాంసం అమ్మేవాడు తన వృత్తిని వెనకేసుకొస్తున్నాడని ఎవరైనా అనొచ్చు. అన్నా, ఆ మాటను కొట్టేయలేం.

అలాగైతే తేల్చుకోవాల్సింది చంపాలా వద్దా అన్నది కాదు, ఎంత అన్నది. ఇక్కడ ధర్మశాస్త్రానికి థర్మామీటరు తోడు కావాలి. ఒమాన్‌లో దుబాస్ మీద ఆకాశం నుంచి మందు చల్లించడం దశాబ్దాలుగా ఉంది. ఆ మందు పురుగును తినే అక్షింతల పురుగు మీదా పడుతుంది, తేనెటీగ మీదా పడుతుంది. ముందే చల్లితే ఆకులోపలి గుడ్డుకు తగలదు. ఆలస్యమైతే పెద్ద పురుగులు అప్పటికే గుడ్లు పెట్టేస్తాయి. రోజువారీ వేడిని లెక్కగట్టి గుడ్లు పగిలే వేళను అంచనా వేస్తే, పిల్లపురుగుల దశలోనే పని తేలిపోతుంది. లెక్క తెలిసాక కూడా గుడ్డిగా చల్లితే, అప్పుడది అజ్ఞానం కాదు.

తప్పులో మనిషి వాటా అంతకు ముందే మొదలవుతుంది. చెట్లు కిక్కిరిసి నీడా తేమా పెరిగిన తోటలంటే దుబాస్‌కు ప్రాణం. సుడిదోమదీ అదే తీరు: ఒత్తుగా నాటి, నత్రజని దండిగా వేసిన మడినే ఎంచుకుంటుంది. అందుకే ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నారు. వరి నాటే రైతులు ఈసారైనా ఆ బాటలు వదలాలి. మందు డబ్బా మూత తీసే ముందు దుబ్బు మొదట్లో దోమలెన్నున్నాయో వంగి లెక్కపెట్టాలి.