మగ్గం దిగివచ్చే మనిషి కోసం

రెండో శతాబ్దపు చివరి దశాబ్దాల్లో సెల్సస్ అనే గ్రీకు పండితుడు క్రైస్తవుల మీద ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకం ఇప్పుడు లేదు. 248 ప్రాంతంలో క్రైస్తవ పండితుడు ఒరిగెను రాసిన జవాబులో మాత్రం దాని వాదనలు మిగిలాయి. ఇళ్లలో దూరి ఈ మతం చెబుతున్నది ఎవరంటే ఉన్ని పనివాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు అని అతని ఎత్తిపొడుపు. ఒరిగెను అతన్ని చాలా చోట్ల ఖండించాడు గాని, అలాంటి కూలీజనం సంఘంలో లేరని ఎక్కడా అనలేదు. ఆ మాట చదివిన ప్రతిసారీ నాకు ముంబై దగ్గరి భివండీ గుర్తొస్తుంది.

భివండీ శాంతి నగర్ గల్లీల్లో పవర్‌లూమ్‌ల చప్పుడు పగలూ రాత్రీ తేడా లేకుండా వినిపిస్తుంది. ఒక్కో మనిషి చేతికింద నాలుగో ఆరో మగ్గాలు, పన్నెండు గంటల పాళీ (షిఫ్టు), నేసిన మీటర్ల లెక్కన పగారు. దారం తెగితే అతుకు, కండె అయిపోతే మార్చు, బట్టలో తప్పు పడితే కోత. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాల కిందటే ఈ ఊరికి వలస వచ్చిన మన నేతగాళ్లు పద్మనగర్, కామత్‌ఘర్ వైపు ఎక్కువ. శాంతి నగర్‌లో ఎక్కువ మంది ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి వచ్చిన ముస్లిం కార్మికులు. వీళ్లందరి మధ్యా అక్కడొకటి ఇక్కడొకటిగా తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఉంటాయి. వాళ్ల ఆరాధన అద్దె గదిలోనో, ఎవరో ఒకరి ఇంటి ముందుగదిలోనో జరుగుతుంది.

ఇక్కడ చాలా కార్ఖానాలకు సెలవు శుక్రవారం. ఆదివారం మామూలు పనిరోజు. పాస్టరుగారు ఆదివారం ఉదయం పది గంటలకు వాక్యం మొదలుపెట్టే వేళకు పగటి పాళీవాడు మగ్గం దగ్గర నిలబడి ఉంటాడు, రాత్రి పాళీవాడు ఒళ్లెరగని నిద్రలో ఉంటాడు. గదిలో మిగిలేది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. వాళ్లలోనూ కండెలు చుట్టే పనికి వెళ్లిన వాళ్లు రారు. తర్వాత ప్రసంగంలో ఒక మాట వస్తుంది: ఫలానా సహోదరుడు లోకంలో పడి ప్రభువు దినాన్ని మరిచాడని. ఈ మాట నాకు గుచ్చుకుంటుంది. అతను మరవలేదు. అతనికి ఆ దినం ఇవ్వలేదు.

మొదటి మూడు వందల ఏళ్లు సంఘానికి కూడా ఎవరూ ఆదివారం సెలవు ఇవ్వలేదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 321లో ఆజ్ఞ జారీ చేసేదాకా రోమా సామ్రాజ్యంలో అది పనిరోజే. అందుకే వాళ్లు పనివాడి గడియారం చూసి కూడుకున్నారు. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లినీ చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన లేఖలో, వీళ్లు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కలిసి క్రీస్తును దేవుడిగా కీర్తిస్తారని చెప్పాడు. దొంగతనం చేయబోమనీ, నమ్మి దాచుకున్న సొమ్ము అడిగితే ఎగ్గొట్టబోమనీ ఒట్టు పెట్టుకుంటారట. నిజం రాబట్టడానికి అతను చిత్రహింస పెట్టిన పరిచారికలు ఇద్దరూ బానిస స్త్రీలే. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడుతుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రమత్తులో మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. ఆ కుర్రవాణ్ణి ప్రసంగాల్లో అశ్రద్ధకు గుర్తుగా వాడుకుంటారు. పొద్దంతా ఒళ్లు వంచి పనిచేసి కూడా కూడికకు వచ్చి కూర్చున్నవాడిగా నేను అతన్ని చూస్తాను.

అపొస్తలుల కార్యములు గ్రంథంలో బట్ట పని చేసేవాళ్లు ఎంతమందో! తుయతైర పట్టణస్థురాలు లూదియ ఊదారంగు సరుకు అమ్ముకునే మనిషి. యొప్పేలో దొర్కా చనిపోతే విధవరాండ్రు ఏడుస్తూ ఆమె కుట్టిన అంగీలు, వస్త్రాలు చూపించారు. అకుల, ప్రిస్కిల్ల డేరాలు కుట్టే దంపతులు. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమా నుంచి వెళ్లగొడితే పొట్ట చేతపట్టుకుని కొరింథుకు వచ్చిన వలసజీవులు. పౌలు వాళ్లింట్లోనే దిగి, వాళ్లతో కలిసి అదే పని చేశాడు. ఊరు విడిచి భివండీ చేరిన కుటుంబానికి ఈ అధ్యాయం పరాయి దేశపు కథగా తోచదు.

ఆ కొరింథులోనే పెద్ద తప్పు జరిగింది. ప్రభువు బల్ల అప్పట్లో నిజమైన భోజనం. తీరిక ఉన్నవాళ్లు, ఇల్లూ వాకిలీ ఉన్నవాళ్లు ముందే వచ్చి తినేసేవారు. బానిసలు, కూలీలు పని ముగించుకుని వచ్చేసరికి గిన్నెలు ఖాళీ అయ్యేవని చాలామంది పండితులు వివరిస్తారు. ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తులో ఉన్నాడని పౌలు మండిపడ్డాడు. మీరు తింటున్నది ప్రభువు భోజనమే కాదన్నాడు. అయోగ్యంగా తినడం గురించి అతను చేసిన భయంకరమైన హెచ్చరిక ఈ గొడవ మధ్యలో వస్తుంది. మనం దాన్ని ఆ సందర్భం నుంచి పెరికి తీసుకెళ్లి, ఒంటరి మనిషి మనసులోని రహస్య పాపాలకు అంటగట్టాం. పౌలు చెప్పిన పరిహారం చాలా చిన్నది: ఒకరికోసం ఒకరు ఆగండి. ఆదిమ సంఘం నుంచి మనం నేర్చుకోవలసిన వాటన్నిటిలో ఇదే మొదటిదని నేను నమ్ముతాను. మనవాళ్లు అద్భుతాలు కావాలంటారు, అన్యభాషలు కావాలంటారు, మూడు వేలమంది ఒక్క రోజులో చేరాలంటారు. ఆలస్యంగా వచ్చే కూలీకోసం రొట్టె విరవకుండా కూర్చోవడం ఎవరూ అడగరు.

యెరూషలేములో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరిగినప్పుడు ఏడుగురిని ఎన్నుకున్నారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వాళ్ల చేతికే సంచీ ఇచ్చారు. మన దగ్గర కులం పేరు చెప్పి సంఘాలే చీలాయి. వలస వచ్చిన ఊళ్లో కూడా మాలల కూడిక వేరు, మాదిగల కూడిక వేరు అంటే కొరింథు జబ్బు మనకు తగ్గలేదని అర్థం.

తెలుగు నేల మీద దీనికి మరో దారి కనబడిన రోజులున్నాయి. ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ దొరగారి దగ్గరికి అగ్రవర్ణాలవారు వచ్చి, మాదిగలను చేర్చుకోకపోతే మేం వస్తామన్నారు. అప్పుడు ఆయనా, ఆయన భార్యా వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ మొదటి కొరింథీ పత్రికలోని ఒకే భాగం తగిలిందని ఆయన చెప్పుకున్నారు. లోకం నీచమని తోసేసినవాళ్లను దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. ఆయన మాదిగల వైపే నిలిచారు. ఆ సంఘానికి దారి వేసినవాడు యెర్రగుంట్ల పేరయ్య, తోలు పనివారి ఇంట పుట్టినవాడు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి పని ఇచ్చారు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట పడకూడదని ఆ పనులు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను సభల్లో గొప్పగా చెబుతాం. దానికి ముందు జరిగిన కూలి, తవ్వకం, ఆగడం చెప్పం.

ఇరుగుపొరుగు సంగతి కూడా ఉంది. 1970లోనూ 1984లోనూ మత కల్లోలాల్లో కాలిన ఊరు భివండీ. నాలుగో శతాబ్దంలో క్రైస్తవాన్ని అణచాలనుకున్న జూలియన్ చక్రవర్తి, వీళ్లు తమ పేదలకే కాక మన పేదలకు కూడా అన్నం పెడుతున్నారని ఒక పూజారికి రాసిన ఉత్తరంలో బాధపడ్డాడు. భివండీ లాంటి ఊళ్లో పక్క మగ్గం మీది ముస్లిం సోదరుడికి జ్వరమొస్తే గంజి పట్టుకెళ్లే సంఘమే ఆ ఫిర్యాదుకు తగిన సంఘం.

జస్టిన్ అనే హతసాక్షి రెండో శతాబ్దపు మధ్యలో రోమా ఆరాధనను వర్ణించాడు. కలిగినవారు ఇష్టపూర్వకంగా ఇచ్చింది అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు, చెరలో ఉన్నవారికి, పరదేశులకు వెళ్లేది. రాలేకపోయినవాళ్ల వంతు రొట్టెను పరిచారకులు వాళ్ల దగ్గరికే మోసుకెళ్లేవారు. శాంతి నగర్‌లో సేవ చేసే పాస్టర్లకు, పెద్దలకు నా మనవి ఇదే. బల్ల ఆరాధన వేళను మీ సంఘంలో పాళీ మీద పనిచేసేవాళ్లను అడిగి పెట్టండి. అప్పటికీ రాలేనివాళ్ల పేర్లు ప్రసంగంలో తిట్టడానికి ఎత్తకండి. వాళ్ల వంతు తీసి ఉంచి, పాళీ దిగే వేళకు కార్ఖానా గేటు దగ్గరికి మీరే తీసుకెళ్లండి.