పసిబిడ్డ మొగము ఎవరి సొమ్ము?



ఒక పసిపాప పూవును చేతబట్టి రేకులు త్రుంచుచు లెక్కించుచుండును. మూడేండ్ల వయసు, అంకెల వరుస తప్పిపోవుచుండును. అంతలో ఒక పురుషుని కంఠము పదినుండి వెనుకకు లెక్కింప నారంభించును. సున్న రాగానే తెరమీద అణుబాంబు ప్రేలును. 1964 సెప్టెంబరు 7వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పక్షమువారు అమెరికా దేశపు టెలివిజనులో వేయించిన ఎన్నికల ప్రకటన యిది. డబ్బిచ్చి ప్రసారము చేయించినది ఒక్కసారియే యైనను లోకము దానిని నేటికిని మరువలేదు. అందులో ప్రత్యర్థి పేరు లేదు. ఆయన గెలిచిన బిడ్డలు బ్రతుకరను భయమును ఆ పాప మొగమే పుట్టించినది. బాంబన నేమో, ఎన్నిక యన నేమో ఆ పాప ఎరుగదు.

అదే దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో 2008లో ఇంకొకటి జరిగినది. స్త్రీపురుషుల నడుమ జరుగునదే వివాహమని రాష్ట్ర రాజ్యాంగమున చేర్చవలెనా యని ప్రజల ఓటు కోరిరి. ఆ దినములలోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ఉపాధ్యాయిని మరియొక స్త్రీని వివాహమాడగా, ఆమె యొద్ద చదువుకొను ఒకటవ తరగతి పిల్లలు అభినందింప వెళ్లిరి. ఒక వార్తాపత్రిక తీసిన ఆ దృశ్యమును, సవరణ కావలెనన్న పక్షమువారు తమ టెలివిజను ప్రకటనలో చేర్చుకొనిరి. తమ బిడ్డలు కనబడు ప్రకటనను నిలుపుడని ఇద్దరు పిల్లల తలిదండ్రులు కోరినను వారు వినలేదు. తమ పంతులమ్మ పెండ్లికి సంతోషించుటకు పోయిన పిల్లలు, తాము ఎరుగని కలహమున సాక్షులైరి.

ఆ ఓటు విషయమున ఏ పక్షము న్యాయమో తేల్చుట ఇచ్చట మన పని కాదు. అణుయుద్ధము రాకూడదనుట మంచి తలంపే. తాము ధర్మమని నమ్మిన దానిని కాపాడవలెననుటయు తప్పు కాదు. ఉద్దేశము మంచిదైనప్పుడు అందుకు పసిబిడ్డ మొగమును వాడుకొనవచ్చునా యనునదే ప్రశ్న.

దీనికి సమాధానము మన శరణుల ఇంటనే కలదు. ఆయ్దక్కి మారయ్య కల్యాణమున నేలరాలిన బియ్యము నేరి తెచ్చి, దానితో జంగమదాసోహము నడుపుచుండెను. ఒకనాడు అలవాటుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికము మనకెందుకు, ఎచ్చటిది అచ్చటనే వేసి రమ్మని మగని మరలించెను. ఆ బియ్యము తమ కడుపుకొరకు కాదు, దాసోహమునకే. అయినను ఆమె ఒప్పలేదు. కార్యము పవిత్రమైనంత మాత్రమున తమది కాని వస్తువు తమదగునా?

బిడ్డ నిష్కాపట్యమును అట్టి అధికపు బియ్యమే. అది మనము కాయకము చేసి ఆర్జించినది కాదు. మన మాట నిజమని లోకమును ఒప్పింపవలెనన్న కారణము చూపవలెను, ఎదుటివాని ప్రశ్నకు బదులీయవలెను. అది మాటకు సంబంధించిన కాయకము. బిడ్డను ముందు నిలిపినవాడు ఈ శ్రమను తప్పించుకొనుచున్నాడు. వాదమునకు ప్రతివాదము కలదు గాని, పసిమొగమునకు ప్రతివాద మెవడు చెప్పగలడు? చెప్పినవాడు కఠినుడనిపించుకొనును. పైగా ఆ బిడ్డ పెరిగి పెద్దయై, ఈ మాట నాది కాదన్నను, చిత్రము వెనుకకు రాదు.

ఇచ్చట ఒకరు అడుగవచ్చును: బసవేశ్వరుడు బాలుడై యుండగనే మాటాడలేదా? నిజమే. ఉపనయనము వలదని తండ్రి మాదిరాజు నెదుట బాలబసవడు వాదించిన ఘట్టమును పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున వర్ణించినాడు. కాని ఆ బాలుని నోట పలికినది తండ్రి నేర్పిన మాట కాదు. తండ్రి ఇష్టమునకు ఎదురు మాట. తన మెడలో పడనున్న జందెమును గూర్చి తానే పలికెను. తమకు సంబంధించిన విషయములలో అభిప్రాయము చెప్పుకొను హక్కు బిడ్డలకు కలదని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికయు చెప్పుచున్నది. మన దేశము 1992లో అందులో చేరినది. బిడ్డ పలికిన మాటను మనము వినుట ఆ హక్కు. మన మాటను బిడ్డచే పలికించుట హక్కు కాదు, అపహరణము.

ఇంకొక ప్రశ్న మనలను సూటిగా తాకును. ఊహ తెలియని శిశువునకు లింగధారణ చేయుచున్నామే, అప్పుడు బిడ్డ నడిగితిమా? అడుగలేదు. కాని అచ్చట మనము బిడ్డకు ఇచ్చుచున్నాము. మనకు శ్రేష్ఠమైనదానిని అతని శ్రేయస్సుకొరకు అందించుచున్నాము. ప్రకటనలో బిడ్డనుండి తీసికొనుచున్నాము. ఇచ్చిన లింగమునే రేపు ఊరేగింపులో బలప్రదర్శనకు వాడినచో ఆ భేదము అక్కడనే నశించును.

2024 ఫిబ్రవరి 5న భారత ఎన్నికల సంఘము ఎన్నికల ప్రచారమున బిడ్డలను ఏ విధముగను వాడరాదని పార్టీలను ఆదేశించినది. కరపత్రములు పంచుట, నినాదములు పలుకుట, ఊరేగింపులలో నడుచుట మాత్రమే కాదు, నాయకుడు బిడ్డను చంకనెత్తుకొని ప్రచారము చేయుటయు, బిడ్డలచే పాటలు పద్యములు చెప్పించుటయు అందు చేరినవి. తలిదండ్రుల వెంట వచ్చి ఊరక నిలుచున్న బిడ్డను మాత్రము తప్పుపట్టలేదు. ఆ ఆజ్ఞ ఎన్నికలకే. మన సంఘములు ప్రభుత్వమునకు కోర్కెలు విన్నవించుకొను సభలకు, మన మఠముల ఉత్సవములకు అట్టి ఆజ్ఞ లేదు. అచ్చట మనకు అంతరాత్మయే అధికారి.

కనుక బసవజయంతినాడు బిడ్డ వచనము చదివిన ఆనందింతము. అది అతని చదువు, అతని సొత్తు. అదే బిడ్డ చేతికి తనకర్థముకాని కోర్కె వ్రాసిన పలకనిచ్చి ఛాయాచిత్రమునకు నిలుపబోవునప్పుడు, లక్కమ్మ మన వాకిట నిలిచి, ఈ అధికమెందుకని అడుగుచున్నట్లు తలంపవలెను. ఆ పలకను పెద్దలే పట్టుకొందురుగాక!